వెన్సిల్ హుస్కా ఎవరినీ కొట్టని నెల

మా లోడర్ కౌంటీలో వెన్సిల్ హుస్కా చేతి దెబ్బ తినని మగవాడు ఎవడైనా ఉన్నాడంటే, వాడు ఈ మధ్యే వేరే ఊరి నుంచి వచ్చి ఇక్కడి పిల్లను చేసుకున్నవాడై ఉండాలి. నేను మొదటి దెబ్బ సెయింట్ లుడ్మిలా బడిలో, రెండో తరగతిలో తిన్నాను. పూజలో గంట ఎవరు మోగించాలన్న దాని మీద మాకు మాటా మాటా పెరిగింది. నా ముక్కు నుంచి కారిన నెత్తురు తెల్లంగీ మొత్తం తడిపి చర్చి మెట్ల మీదుగా పారి వీధిలోకి వెళ్లిందని మా అమ్మ చనిపోయేదాకా చెప్పేది. నేను దాన్ని ఎన్నడూ ఖండించలేదు.

సిస్టర్ ఆల్ఫోన్సా చేతిలో ఎప్పుడూ మేపుల్ చెక్క బద్ద ఒకటి ఉండేది. దానితో వెన్సిల్ అరచేతులు వాచేలా కొట్టి, మొక్కజొన్న గింజల మీద మోకాళ్లేయించింది.

"ఒరేయ్ వెన్సిల్, దేవుడు నీకు రెండు చేతులిచ్చింది దణ్ణం పెట్టుకోవడానికిరా!" అంది.

"దణ్ణం పెట్టాలంటే రెండూ కలపాలిగా సిస్టర్. మధ్యలో వీడి ముక్కు అడ్డొచ్చింది" అన్నాడు వాడు.

చెక్క బద్ద విరిగింది. సిస్టర్ కొత్తది తెప్పించుకుంది.

వెన్సిల్ మనిషి పొట్టి. నిలబడితే బీరు పీపాకు కాళ్లు మొలిచినట్టుండేవాడు. పెద్దయ్యాక పశువుల కబేళాలో పని దొరికింది. ఒకసారి కౌంటీ సంతలో కట్లు తెంచుకుని జనం మీదికి వచ్చిన ఎద్దును రెండు కళ్ల మధ్య ఒక్క గుద్దు గుద్దితే, అది కుక్కలాగా కూర్చుండిపోయింది. ఆ తర్వాత చాలా కాలం ఆ ఎద్దు ఎడమవైపుకే తిరిగేదని దాని యజమాని వాపోయాడు. మేత కుడివైపున ఉంటే పాపం మొత్తం ఒక చుట్టు చుట్టి రావాల్సి వచ్చేదట.

చెక్ దేశం నుంచి వచ్చిన మా వాళ్ల పెళ్లిలో వేయించిన బాతు, పోల్కా నాట్యం, కొట్లాట తప్పవు. మూడో దానికి వెన్సిల్‌ను ప్రత్యేకంగా పిలవాల్సిన పని ఉండేది కాదు. వాడి సొంత పెళ్లిలో కూడా బాకా ఊదేవాడి పళ్లు రాలగొట్టాడు. పెళ్లికూతురు ఆడెలైన్ కేకు కింద పెట్టిన చెక్క పలక తీసి మొగుడి నెత్తిన ఒక్కటేసి, "ఇప్పుడు నాట్యం చేద్దాం, లే" అంది. వాడు లేచాడు. నుదుటి మీద నెత్తురు కారుతుండగానే చివరిదాకా నాట్యం చేశాడు. ఆ రాత్రికి ఆడెలైన్ తెల్లగౌను భుజమంతా ఎర్రగా అయింది. ఆమె దాన్ని ఇప్పటికీ ఉతకలేదు.

ఇదంతా వేడుక. అసలు సంగతి వియత్నాంలో జరిగింది.

వెన్సిల్, వాడి చిన్ననాటి స్నేహితుడు మైలో బెడ్నార్ అక్కడ ఒక కొండ మీది శిబిరంలో కలిసే ఉన్నారు. ఒక తెల్లవారుజామున మోర్టారు గుళ్లు వచ్చి పడ్డాయి. మొదటివి కంచె అవతల పడ్డాయి. తర్వాతది వంట గుడారం మీద పడింది. రొట్టె కోస్తున్న కుర్రవాడి చెయ్యి, కత్తి పట్టుకునే, ఎగిరి వచ్చి వెన్సిల్ బూట్ల ముందు పడింది. ఆ తర్వాతి గుండు ఈల వినగానే వెన్సిల్ మైలో మీద పడి వాణ్ణి తన ఒంటితో కప్పేశాడు. కానీ వాడు పొట్టివాడు, మైలో ఆరడుగుల పైమాట. ఎంత కప్పినా మైలో ఎడమ కాలు మోకాలి కింద నుంచి బయటే మిగిలిపోయింది. ఇనుప ముక్కలన్నీ ఆ కాలికే దిగాయి.

మైలో బతికాడు. వెన్సిల్‌కు గీత కూడా పడలేదు. "ఇంకో జానెడు పొడుగుంటే సరిపోయేది" అని వాడు తాగినప్పుడల్లా అనేవాడు. తాగనప్పుడు ఆ మాట అనకుండా ఉండటానికి ఎవరినో ఒకరిని కొట్టేవాడు.

పదేళ్లు దాటాక ఆ కాలి ఎముకలో మిగిలిన ఇనుము దగ్గర మళ్లీ చీము పట్టింది. ఒమాహాలోని మాజీ సైనికుల ఆసుపత్రి మా ఊరికి మూడు గంటల దారి. ప్రతి మంగళవారం వచ్చి పుండు కడిగించుకుని మందెక్కించుకోవాలి, వారం తప్పితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని అక్కడి డాక్టరు చెప్పాడు. మైలో బ్రహ్మచారి. ఆ కాలితో బండి నడపలేడు. అందుకని ప్రతి మంగళవారం వెన్సిల్ తన పాత పికప్ బండిలో తీసుకెళ్లేవాడు. కబేళా యజమాని రెండు నెలలు ఓర్చుకుని, "ఇంకో నెల చూస్తాను. ఆ పైన మంగళవారం మానేస్తే మళ్లీ రానక్కర్లేదు" అనేశాడు.

మైలో ఒక్కడే కాదు. కౌంటీలో అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. కౌంటీ వాళ్లు ఒక వ్యాను, ఒక డ్రైవరును పెడితే తీరిపోయే బాధ. కానీ కౌంటీ బండి కౌంటీ పొలిమేర దాటకూడదని చట్టం. ఆ చట్టం మార్చమని మా రాష్ట్ర రాజధాని లింకన్‌లోని శాసనసభను అడగాలి. మా కౌంటీ బోర్డు ఏటా నవంబరులో కూర్చుని, శాసనసభను ఈసారి అడగాల్సిన మూడు కోరికలు తేల్చేది. మూడంటే మూడే. నాలుగోది పంపితే మొదటి మూడూ చెత్తబుట్టలోకి పోతాయని వాళ్ల నమ్మకం.

బోర్డులో ముగ్గురు. చైర్మన్ రోలండ్ డంక్లౌ పెద్ద రైతు, నిటారు మనిషి, చొక్కా మీద ముడత పడనిచ్చేవాడు కాదు. ఎల్డన్ వాషెక్ అనే ఆయన చైర్మన్ ఎటు చూస్తే అటు చూసేవాడు. మూడో మనిషి లవోన్ స్టైన్, బడి వంటశాలను ముప్పై ఏళ్లు నడిపిన గట్టిపిండం. వ్యాను సంగతి మొదట ఎత్తింది ఆమే.

రోలండ్ దగ్గర మూడు కోరికలు ముందే సిద్ధంగా ఉన్నాయి. కంకర రోడ్లు, వంతెనలు, ముళ్లమొక్కల నిర్మూలన. పైగా ఆ వేసవిలోనే వెన్సిల్ ఆయన మేనల్లుడి దవడ పక్కకు జరిపి ఉన్నాడు.

"వ్యాను సంగతి చర్చకు పెడతాను" అన్నాడు రోలండ్, అడగడానికి వచ్చిన వెన్సిల్‌ను బోర్డు కూర్చునే కోర్టు భవనం మెట్ల మీదే నిలబెట్టి. "కానీ ఓటింగు దాకా నువ్వు ఎవడి మీదా చెయ్యెత్తకూడదు. ఎత్తావో, ఆ అంశం అక్కడికక్కడే కొట్టేస్తా. వీధిరౌడీ అడిగితే బోర్డు ఇచ్చిందన్న మాట నాకొద్దు."

"నెల రోజులా?" అన్నాడు వెన్సిల్, ఉపవాసం ఉండమన్నట్టు.

"నీ వల్ల కాదులే."

"కాకపోతే చూడు."

ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ఇన్నాళ్లూ తిన్న దెబ్బలకు బదులు తీర్చుకునే అవకాశం మళ్లీ రాదని అందరికీ తెలుసు. బీరు దుకాణం ఓటో ఒక మగ్గు నిండా బీరు తెచ్చి వెన్సిల్ నెత్తిన నిదానంగా వంచాడు.

"ఏంరా, చల్లగుందా? ఇంకోటి పొయ్యమంటావా?"

వెన్సిల్ కళ్లు తుడుచుకుని బయటికి వెళ్లి, తన సొంత పికప్ తలుపును పిడికిలితో లోపలికి దింపాడు. మర్నాడు ఆ తలుపు తెరుచుకోలేదు. వాడు కిటికీలోంచి ఎక్కి దిగాల్సి వచ్చింది. కబేళాలో కోపం వచ్చినప్పుడల్లా కొక్కేలకు వేలాడే గొడ్డుమాంసం సగాలను గుద్దేవాడు. ఆ నెల మా ఊళ్లో మాంసం ఎంత మెత్తగా ఉందంటే, పళ్లు లేని ముసలాళ్లు కూడా కట్టుడు పళ్లు ఇంట్లో పెట్టేసి వచ్చి వరుసలో నిలబడ్డారు.

రోలండ్ మేనల్లుడైతే చర్చి ముందే వాడి ముఖాన ఉమ్మేశాడు. వెన్సిల్ పిడికిళ్లు బిగుసుకున్నాయి. మెడ నరాలు తాళ్లలా లేచాయి. పక్కనే కర్ర మీద ఆని నిలబడ్డ మైలో ఒకే మాట అన్నాడు.

"కాలురా."

వెన్సిల్ రెండు చేతులూ జేబుల్లో తోసుకున్నాడు. జేబుల కుట్లు పటుక్కుమని తెగిన చప్పుడు చర్చి లోపలికి కూడా వినిపించింది.

ఓటింగు మాజీ సైనికుల దినానికి ముందు రోజున పడింది. అది మంగళవారం. వెన్సిల్ ఉద్యోగం సంగతి వదిలేసి వచ్చాడు. సభ అవగానే మైలోను ఒమాహా తీసుకెళ్లాలని పికప్ బయటే పెట్టాడు. కోర్టు భవనం కింది అంతస్తులోని సభా గది కిక్కిరిసిపోయింది. నేను వెనకగోడకు ఆనుకుని నిలబడ్డాను.

రోలండ్ ఆ రోజు తన ఔదార్యం చూపించుకోవాలని ఒక ఏర్పాటు చేశాడు. మా కోర్టు పచ్చికలో అంతర్యుద్ధం నాటి పిరంగి ఒకటి ఉంది. మాజీ సైనికులు మాట్లాడటం ముగించగానే, వాళ్ల గౌరవార్థం కిటికీ బయట దాన్ని పేల్చాలి. ముందు ఎవరికీ చెప్పకూడదు. ఊహించని కానుక అన్నమాట. గౌరవం ఇవ్వడానికి చట్టం మార్చాల్సిన పని లేదు మరి. మాజీ సైనికుల సంఘం లీజియన్ హాలులో కూర్చునే ముసలాళ్లు ఆ పనికి సంబరంగా ఒప్పుకున్నారు. గదిలోకి బాగా వినపడాలని పిరంగి మూతిని కిటికీ వైపు తిప్పారు. ఇంకా బాగా వినపడాలని మందు రెట్టింపు కూరారు. దాని మీద కుక్కడానికి తడి కాగితాలు చాలకపోతే, ఎవరి తోటలోదో ఒక క్యాబేజీ తెచ్చి అదిమారు. గుళ్ల వాన కింద పొర్లిన మనుషులను గుండు పేల్చి సన్మానించాలన్న ఆలోచన ప్రపంచంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. మా ఊళ్లో అది తప్పని ఒక్కరికీ తోచలేదు.

లవోన్ లేచి, ముళ్లమొక్కలు తీసేసి ఆ చోట వ్యానును పెట్టాలని ప్రతిపాదించింది. రోలండ్ వెన్సిల్‌కు మూడు నిమిషాలిచ్చాడు.

"నాకు మాటలు రావు. రాకపోబట్టే ఇన్నాళ్లూ చేతులతో మాట్లాడాను" అన్నాడు వెన్సిల్. "మైలో, ప్యాంటు ఎత్తు."

మైలో ప్యాంటు ఎత్తి కట్టు విప్పాడు. ఆ వాసనకు ముందు వరుసలో వాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఎల్డన్ వాషెక్ ముక్కు మూసుకున్నాడు.

"ముళ్లమొక్క ఈ ఏడు కొయ్యకపోతే వచ్చే ఏడు కొయ్యొచ్చు. ఈ కాలు ఈ ఏడు కోస్తే మళ్లీ మొలవదు. అంతే, కూర్చుంటున్నా."

రోలండ్ గొంతు సవరించుకున్నాడు. "వీరులంటే మాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేం. అందుకే..." అంటూ కిటికీ దగ్గరికి వెళ్లి చేతిరుమాలు ఊపాడు.

వెన్సిల్ ఇంకా కూర్చోలేదు. కిటికీ అవతల వత్తి చుర్రుమన్న చప్పుడు విన్నాడు. తల తిప్పితే ఇనుప మూతి తిన్నగా గదిలోకే చూస్తోంది. మాలో ఎవరికీ ఏమీ అర్థం కాకముందే వాడు బల్ల మీదుగా దూకి, రెండు కుర్చీలు విరగ్గొట్టి, ఎద్దు ఢీకొన్నట్టు రోలండ్‌ను ఢీకొని నేల కరిపించి మీద పడ్డాడు.

పిరంగి పేలింది.

కిటికీ మొత్తం లోపలికి వచ్చేసింది. గాజు ముక్కలు గది నిండా కత్తుల్లా ఎగిరాయి. క్యాబేజీ నా చెవి పక్కనుంచి ఈలవేస్తూ వెళ్లి, ఎదుటి గోడ మీది పాత గవర్నరు చిత్రపటాన్ని చీల్చుకుని, గది మొత్తం మీద తురుములా కురిసింది. కాస్త ఉప్పూ పులుపూ తగిలిస్తే ఊరందరికీ సరిపడా ఊరగాయ అయ్యేది. లవోన్ చెంప తెగింది. ఎల్డన్ బల్ల కింద నుంచి దేవుణ్ణి పేరుపేరునా పిలుస్తున్నాడు. మైలో నేల మీద పడుకుని రెండు చేతులతో తల కప్పుకుని, "వంట గుడారం! వంట గుడారం!" అని అరుస్తూనే ఉన్నాడు.

వెన్సిల్ వీపంతా గాజులు దిగి ముళ్లపందిలా ఉంది. చొక్కా నల్లబడి నెత్తురు నేలకు కారుతోంది. వాడి కింద నుంచి రోలండ్ గొంతు వినిపించింది. ఆయన ముందు రెండు పళ్లు పోయాయి, భుజం ఎముక విరిగి చొక్కాలోంచి పొడుచుకొచ్చింది.

"కొట్టాడు! నన్ను కొట్టాడు! అందరూ చూశారు, అంశం కొట్టెయ్యండి!"

"కొట్టలేదు" అన్నాడు వెన్సిల్, లేవకుండానే. "కొట్టుంటే ఇంత మాట్లాడగలవా నువ్వు?"

లవోన్ చెంప అదుముకుంటూ సభను వారం వాయిదా వేసింది.

విరిగిన ఎముకను సరిచేసే డాక్టరు మా కౌంటీలో లేడు. కౌంటీ అంబులెన్సు పొలిమేర దాటదు. పక్క కౌంటీ అంబులెన్సును పిలిస్తే అది ఫుట్‌బాల్ మైదానంలో ఉందట, ఆట అయ్యాక వస్తామన్నారు. మిగిలింది వెన్సిల్ పికప్పే. ఆడెలైన్ మొగుడి వీపులో గాజులు వంటింటి పటకారుతో పీకి, చేతికి దొరకనివి వదిలేసి, దుప్పటి చుట్టింది. తెరుచుకోని తలుపు వైపు కిటికీలోంచి వెన్సిల్ దూరాడు. మధ్యలో రోలండ్, ఆ పక్కన మైలో కూర్చున్నారు. మైలో కాలు చాపి డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు.

ఈ ప్రయాణం గురించి ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. మూడింట్లో కలిసిన ముక్కలు చెబుతాను. కలవని చోట్ల కాస్త సర్దాను.

వెన్సిల్ వీపు ఆనించలేక స్టీరింగు మీదికి వంగి నడుపుతున్నాడు. రోడ్డంతా గతుకులు. ప్రతి గతుకుకూ రోలండ్ భుజం ఎముకలు ఒకదానికొకటి రాసుకుని ఆయన కేక పెట్టేవాడు. ప్రతి గతుకుకూ మైలో గొంతెత్తి పోల్కా పాట అందుకునేవాడు. గతుకు ఎంత పెద్దదైతే పాట అంత బిగ్గరగా ఉండేది.

"వాణ్ణి నోరు మూసుకోమను" అన్నాడు రోలండ్.

"పాడనీ."

"ఇక్కడ నేను చస్తుంటే వాడికి పెళ్లి పాటలా? బండి ఆపు! వాణ్ణి దించేసెయ్!"

"దించను."

రోలండ్ బాగున్న చెయ్యి పిడికిలి బిగించి వెన్సిల్ దవడ మీద కొట్టాడు. బండి గడ్డిలోకి దిగి మళ్లీ రోడ్డెక్కింది. ఇంకోటి కొట్టాడు. వెన్సిల్ పెదవి చిట్లింది. మూడో దెబ్బ చెవి మీద పడింది. వెన్సిల్ చేతులు స్టీరింగును ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, ఆ చక్రం ఆ తర్వాత గుండ్రంగా ఉండలేదు.

"కొట్టుకో. వారం దాకా నావి కావు ఈ చేతులు. ఓటు వేసెయ్, తర్వాత చూద్దాం" అన్నాడు, నెత్తురు బయటికి ఉమ్మి.

దార్లో పెట్రోలు కోసం ఆగారు. బంకు దీపాల వెలుగులో రోలండ్ పక్కకు తిరిగి చూశాడు. మైలో ముఖమంతా కన్నీళ్లు. కింది పెదవి కొరుక్కుని కొరుక్కుని పచ్చిగా అయింది. బండి ఆగింది కనుక పాటా ఆగింది. చొక్కా చేతితో ముఖం తుడుచుకుంటూ మైలో అన్నాడు.

"ఏమనుకోకు రోలండ్. పాడకపోతే అరుస్తాను. అరిస్తే వీడు బండి నడపలేడు."

"ప్రతి మంగళవారం ఇంతేనా?"

"వాన పడితే ఇంకా కొత్త పాటలు వస్తాయి."

ఒమాహా చేరేదాకా రోలండ్ మళ్లీ పాట ఆపమనలేదు. పెద్ద గతుకొచ్చినప్పుడు ఒకసారి ఆయన కూడా పాట అందుకున్నాడని మైలో చెబుతాడు. రోలండ్ ఒప్పుకోడు.

వారం తర్వాత సభ మళ్లీ కూడింది. కిటికీకి చెక్కలు కొట్టారు. రోలండ్ చెయ్యి మెడకు వేలాడుతోంది, ముందు పళ్లు లేవు. ఆయన మేనల్లుడు లేచి, "మా మామను కొట్టాడు కాబట్టి షరతు ప్రకారం ఆ అంశం చర్చకే రాకూడదు" అన్నాడు. చాలామంది తలూపారు. ఎల్డన్ చైర్మన్ వైపు చూశాడు.

"కూర్చోరా" అన్నాడు రోలండ్. "నన్ను వాడు కొట్టలేదు. ఆ గాజులు నా ముఖంలో దిగాల్సినవి. కొట్టింది నేను, దార్లో, మూడుసార్లు. తిరిగి కొట్టలేదు వాడు." ఎల్డన్ వైపు తిరిగి, "ఆ బండిలో నా పందిని కూడా పంపను. ముళ్లమొక్కలు తీసెయ్యండి. వ్యాను పెట్టండి" అన్నాడు.

ఎల్డన్ వెంటనే చెయ్యెత్తాడు. లవోన్ అప్పటికే ఎత్తి ఉంది.

సభ ముగిసిందని లవోన్ బల్ల మీద తట్టగానే వెన్సిల్ లేచి వెళ్లి ఓటోను గదికి ఆ చివర నుంచి ఈ చివరకు పంపాడు. తర్వాత మేనల్లుణ్ణి. కిటికీకి కొట్టిన చెక్కలు మళ్లీ కొట్టించాల్సి వచ్చింది. రోలండ్ ముందు మాత్రం కాసేపు నిలబడి, ఆయన వేలాడే చెయ్యి చూసి, "నీది బాగయ్యాక" అని వెళ్లిపోయాడు.

చట్టం రావడానికి వసంతం దాకా పట్టింది. ఆ చలికాలం మైలో కాలును ఎలా నిలబెట్టాలన్నది మిగిలింది. వెన్సిల్ ఉద్యోగం పోయింది, పికప్ డిసెంబరులోనే చచ్చింది. ఒక సోమవారం సాయంత్రం రోలండ్ వచ్చి తన పెద్ద బ్యూక్ కారు తాళాలు ఆడెలైన్ ఒళ్లో పడేసి, మంచులో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె ప్రతి మంగళవారం నడిపింది. ఫిబ్రవరిలో డాక్టర్లు మైలో కాలి వేళ్లు రెండు, కొంత ఎముక తీసేశారు. కాలు మిగిలింది.

ఆ ఏడు మా కౌంటీలో ముళ్లమొక్కలు గుర్రం మీద కూర్చున్న మనిషికి అందనంత ఎత్తు పెరిగాయి. ఒక ఆవుల మంద వాటిలో దారి తప్పి శరదృతువుకు గానీ బయటపడలేదు. వాటిని తిట్టుకున్నవాళ్లున్నారు కానీ, బోర్డు ముందుకు వెళ్లి అన్నవాళ్లు లేరు.

జూన్‌లో వ్యాను వచ్చింది. డ్రైవరుగా వెన్సిల్‌ను పెట్టారు. మొదటి రోజు కోర్టు ముందు ఊరంతా చేరింది. ఎక్కాల్సినవాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. చివర మైలో కర్ర పక్కన పెట్టి వ్యాను మెట్టు అంచున కూర్చున్నాడు. వెన్సిల్ పరుగెత్తి వచ్చి, పసిపిల్లవాడిని ఎత్తినట్టు చంకల కింద చేతులు వేశాడు.

"వదులు. నేనెక్కుతాను."

"పడతావురా."

"వదలమన్నానా?"

"ముందు నువ్వు చేతులు నా మెడ చుట్టూ..."

మైలో ఎడమ కాలు మడిచి, వెన్సిల్ రొమ్ము మీద ఆనించి, ఈడ్చి ఒక్క తన్ను తన్నాడు. వెన్సిల్ గాల్లోకి లేచి కంకర మీద వెల్లకిలా పడ్డాడు. తల కొట్టుకుని నెత్తురొచ్చింది. షెరిఫ్ నడుం దగ్గరి తుపాకీ మీదికి చెయ్యి పోనిచ్చాడు. వెన్సిల్ హుస్కాను నేల మీద పడేసిన మగవాడు మా కౌంటీలో అంతవరకూ లేడు.

వాడు లేవలేదు. రొమ్ము మీద పడిన మట్టి బూటు గుర్తును రెండు చేతులతో తడుముకుంటూ ఆకాశం వైపు అరిచాడు.

"ఆడెలైన్! చూశావా? ఆ కాలితోనే తన్నాడే!"